మెల్లగ చెప్పే పేరు

కింద వాది. నీళ్ళు లేవు.
నీళ్ళు నడిచిన గుర్తులు మాత్రం
బండల నడుముకు మడతలు మడతలుగ ఉన్నయి.
వారంల ఆరు రోజులు ఆ ఒడ్డు పొంటి
ఇనుప జాలీ గూళ్ళల్ల రాళ్ళు నింపుతం,
ఎన్నడో ఒకపారి వచ్చే వరదకు అడ్డంగ.
శుక్రవారం సెలవు.
ఖాదర్‌వలి అన్నడు:
పైన ఏవో పండ్లు ఉండాయంట, పోదాం పదప్పా.

జబల్ అఖ్దర్, పేరుకు పచ్చకొండ.
ఆ పచ్చ ఎక్కడున్నదో మేకలకే తెలుసు.
చెప్పుల కింద గులకరాళ్ళు
బియ్యంల మెరిగెల్లెక్క కరకరమన్నయి.

లోయ గోడకు, కాలు ఆనని కాడ,
ఒక ముండ్లపొద.
కొమ్మల నిండ శనగగింజలంత
నల్లటి పండ్లు, మీద సన్నటి దుమ్ము.

నేనన్న, ఇవి కలే పండ్లు.
కాదప్పా, బలుసు, అన్నడు ఖాదర్‌వలి.
బుచ్చిమల్లు ఒకటి నోట్లేసుకొని, కండ్లు మూసి,
పాలపండు, అని తీర్పు చెప్పిండు.
ముగ్గురం మూడు జిల్లాల అడవులు తెచ్చి
ఆ పొద ముంగట పెట్టి కొట్లాడినం.
కలేల గింజలు నాలుగైదుంటయి, దీంట్ల ఒక్కటే, రాయసొంటిది.
బలుసు ఎంత పండినా ఇంత నలుపు రాదు.
పాలపండైతే పసుపు.
కాని పెదాలు ఒకదానికొకటి అతుక్కునుడు మాత్రం
అచ్చం పాలపండే.
బుచ్చిమల్లు మాట తప్పని మేం ఒప్పుకోలే,
తినుడూ ఆపలే.

అప్పుడొచ్చింది జువైనా.
డెబ్బై ఏండ్లుంటయో తొంబై ఉంటయో,
మెడల తాడు, తాడుకు నిడో పాలపొడి డబ్బా.
ముండ్లల్ల మోచేతి దాక చెయ్యి పెట్టింది.
చెయ్యి ఎట్ల పోయిందో అట్లనే వచ్చింది, గీత పడకుండ.
నాకొచ్చిన అరబ్బీల అడిగిన,
హాదా షూ ఇసమ్?

బూత్, అన్నది.

ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.
ఖాదర్‌వలి పొట్ట పట్టుకొని బండ మీద కూలబడ్డడు.
మల్లోపారి చెప్పమని బుచ్చిమల్లు సైగ చేసిండు.
చెవుడనుకున్నదో ఏమో, ఆమె పాపం
గొంతు పెంచి చెప్పింది: బూత్! బూత్!
అవతలి గోడ అందుకున్నది.
లోయంతా ఒకటే బూతులు.

మా నవ్వేందో ఆమెకు తెలవలే,
అయినా నవ్వింది.
ముందటి పన్ను ఒకటి లేదు. నాలుక నల్లగ.
మా నాలుకలూ నల్లగనే.

పై కొమ్మకు చెయ్యి చాపితే చటుక్కున కొట్టింది.
రెండు చేతులు రెక్కల్లెక్క ఆడించి చూపింది:
అవి పిట్టలయి.
సరే, కింది కొమ్మలు?
వాటిని మేకలు ముందే తిన్నయి.

డబ్బా ఎంత అంటే మూడు వేళ్ళు చూపింది.
మూడు రియాల్లు!
నవ్వు ఆగింది.
నిజ్వా బజార్ల ఇంకా ఎక్కువంట.
కొనం అన్నం. అయితే తిన్నవాటి సంగతేందని
ముగ్గురి నాలుకలు బయట పెట్టించి,
డాక్టరు చూసినట్టు చూసి లెక్క కట్టింది.
బుచ్చిమల్లుదే ఎక్కువ.

జేబుల్ల బస్సు పైసలు తప్ప లేవు.
ఆమె ముందు నడిచింది, మేం వెనక.
ఆమె దానిమ్మ చెట్లకు పోయే ఫలజ్ కాలువ,
గట్టు ఒక దిక్కు జారి
నీళ్ళు ఉత్తగనే లోయల పడుతున్నయి.
రాళ్ళు చూపింది.
సెలవు రోజు, మల్లా రాళ్ళే.
కాని ఈ రాళ్ళకు గూడు లేదు, ఫోర్‌మన్ లేడు,
ఒకటి సరిగ కూసుంటే
నీళ్ళు వెంటనే మలిగి మా వేళ్ళు తడిపినయి.
పోయేటప్పుడు సగం డబ్బా
బుచ్చిమల్లు రుమాల్ల పోసింది, ఏం మాట్లాడకుండ.

రాత్రి గంగామణికి ఫోన్ చేసిన.
ఏం తిన్నవ్?
చెప్పిన.
ఛీ, అన్నది. అదేం పండు, ఇంకో పేరు లేదా?
లేదన్న. అమ్మతోడు, అదే పేరు.
కొంచెంసేపు ఏం వినపడలే,
తర్వాత కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు.
పిల్లలు పక్కనే ఉన్నరు, మెల్లగ చెప్పు, అన్నది.

మెల్లగ చెప్పిన.